కోడిపిల్లలలో పుంజు, పెట్ట: ఇంటి గుర్తుల చరిత్ర

తెలుగున "కోడి" యను మాట పుంజునకును చెల్లును, పెట్టకును చెల్లును. గ్రుడ్డు పగిలి వెలువడిన దానిని వట్టి "పిల్ల" యనియే పిలుతురు. అది కొంత యెదిగి, తల్లిని విడిచి, తన గుర్తులను తాను చూపిన పిమ్మటనే "పుంజుపిల్ల" యనియో "పెట్టపిల్ల" యనియో పేరు పొందును. మరాఠీ భాషలో మూడు లింగములు కలవు. పుంజు కోంబడా, పెట్ట కోంబడీ. అయినను పిల్లను చెప్పు "పిల్లూ" అను మాట ఆ భాషలో నపుంసకలింగము. చంద్రపూర్ సీమలో ఈ రెండు భాషలతోపాటు వినవచ్చు గోండీ, కొలామీ భాషలలో కోడికి "కోర్" అని పేరు. మన "కోడి"కి అది తోబుట్టువు. కోళ్లను తరతరములుగా పెంచిన ఈ జనులకు పుట్టిన పిల్లను చూచి వెంటనే పుంజు, పెట్ట యని తీర్పు చెప్పవలసిన అక్కఱ లేకపోయినదని ఈ మాటలే సాక్ష్యమిచ్చుచున్నవి.

నేడట్లు కాదు. గ్రుడ్ల కొఱకు కోళ్లను పెంచు పరిశ్రమలో పిల్ల పుట్టిన దినముననే దాని లింగము తేల్చబడును. ఆ తీర్పును బట్టియే దాని బ్రదుకు గాని చావు గాని నిర్ణయమగును. ఇంటి పెరటిలో వారముల తరబడి ఓపికతో తెలిసికొనుచుండిన విషయమును ఒక్క నిమిషములో తెలిసికొనవలసిన అవసరమెట్లు వచ్చినది? ఆ తెలివి ఎవరి చేతికి పోయినది? ఇంటివారికి నేటికిని మిగిలియున్న గుర్తులెవ్వి? ఈ విషయములు చిన్నవిగా తోచినను, పెరటికోళ్లపై కొంత బ్రదుకు నిలుపుకొన్న కుటుంబములకు ఇవి చిన్నవి కావు.

పూర్వము చాందా యని పిలువబడిన చంద్రపూర్‌లో అట్టి తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ప్రాణహిత, గోదావరుల ఒడ్డుననున్న సిరొంచ ప్రాంతము 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడువఱకు ఈ జిల్లాలోనిదే. రాజురా తాలూకా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాకు చెందియుండి, నాందేడు మీదుగా 1959లో చాందాలో చేరినది. ఈ పాత కాపురములకు తోడు బొగ్గు గనులకును, బల్లార్‌పూర్ కాగితపు మిల్లునకును పనికై వచ్చినవారున్నారు. ఊరు విడిచి వచ్చినవారు వెంట తెచ్చుకొన్న వానిలో కోడిగంప యొకటి. గని కార్మికుని యింట జీతము మగవాని చేతిది. గ్రుడ్ల డబ్బు, పిల్లల డబ్బు ఆడుదాని కొంగుముడిది. కాబట్టి గంప క్రింద నున్నవానిలో పెట్టలెన్ని, పుంజులెన్ని యను లెక్క ఆమె లెక్కయే.

ఇంట పెట్ట పొదుగునకు కూర్చున్న 21 దినములకు పిల్లలు వెలువడును. పది పండ్రెండు గ్రుడ్లు పెట్టిన తొమ్మిదో పదియో దిగును. గ్రద్ద, పిల్లి, ముంగిస తమ పాలు తీసికొన్న పిమ్మట నాలుగైదు మిగిలిన అదృష్టమే. ఈ మిగిలినవానిలో పెట్ట వచ్చిన గ్రుడ్లకును, మరల పొదుగునకును పనికివచ్చును. పుంజు వచ్చిన నష్టమేమియు లేదు. అల్లుడు వచ్చిననాడు కూరకు పుంజు; పోచమ్మకు మ్రొక్కు చెల్లించుటకు పుంజు; సంతలో ఎక్కువ ధర పలుకునది పుంజు; పందెపు జాతియైనచో దాని వెల చెప్పనే పని లేదు. ఇంటి లెక్కలో ఏ పిల్లయు వృథా కాదు. అందుచే మొదటి దినమున లింగము తెలియకపోవుట వలన ఎవ్వరికిని కొఱత కలుగలేదు.

తెలియవలసి వచ్చినది ఒక్క పంపకము నాడే. మేకలను, పశువులను పాలికిచ్చునట్లే కోడిపెట్టను పాలికిచ్చు అలవాటును పల్లెలలో కలదు. పెట్ట యొకరిది, మేపు వేరొకరిది, పిల్లలు చెరిసగము. పిల్లలు బూరుతో నున్నప్పుడు పంచుకొన్నచో ఒకరికి పెట్టలన్నియు, వేరొకరికి పుంజులన్నియు పోయి తగవు పడుటకు వీలున్నది. కావున తెలివైనవారు జుట్టు తెలియువఱకు పంపకము నాపుదురు. ఆ ఆగిన వారములలో చచ్చినవి ఉభయుల పద్దునను చచ్చినట్లే.

ఇక గుర్తులు. సంస్కృతమున కోడిపుంజునకు గల పేర్లను చూచిన, ప్రాచీనులు దానిని దేనిచే గుర్తించిరో తెలియుచున్నది. అమరకోశమున కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము అను నాలుగు నామములు కలవు. తామ్రచూడము అనగా రాగివన్నె జుట్టు గలది. కృకవాకువు కంఠధ్వనిని బట్టి వచ్చిన పేరు. చరణాయుధము అనగా కాలే ఆయుధముగా గలది. జుట్టు, కూత, కాలిముల్లు — నేటి ఇల్లాలు చూచు గుర్తులు మూడును ఈ పేర్లలోనే యున్నవి. అవి ప్రకృతిలో తెలియవచ్చు వరుసయు నించుమించుగా ఇదియే: ముందు జుట్టు, తరువాత కూత, ఎల్లవానికి కడపట ముల్లు.

నాటుపిల్లలలో మూడు నాలుగు వారములు గడచుసరికి కొన్నింటి జుట్టు తక్కినవానికన్న వెడల్పై, పసుపుచాయ విడిచి ఎఱ్ఱబాఱ నారంభించును. అవి పుంజులు కావచ్చును. ఆరు వారములకు ఈ భేదము స్పష్టపడును. పుంజుపిల్లల కాళ్లు లావగును, నిలుకడ నిటారగును. పెట్టపిల్లలకు తోకయు, వీపు ఈకలును ముందుగా కుదురుకొనగా, పుంజుపిల్లలు చాల జాతులలో కొన్నాళ్లు వీపు బోడిగా తిరుగును. రెండు మూడు నెలల నడుమ కొన్ని పుంజులు గొంతు పెగలక కూయబోవును. పదవ పండ్రెండవ వారములకు వచ్చు గుర్తు అన్నిటికన్న గట్టిది. పుంజు మెడమీదను, తోక మొదటను పుట్టు ఈకలు సన్నగా, కొనదేఱి, నిగనిగలాడుచుండును. పెట్టవి గుండ్రని కొన గలవి. జుట్టు మోసము చేయవచ్చును గాని ఈ ఈక మోసము చేయదు.

జుట్టు మోసము చేయుట ముఖ్యముగా అసీలు జాతిలో కననగును. కోస్తా ఆంధ్రమునను, బస్తరు ప్రాంతమునను పేరొందిన ఈ పందెపు జాతికి జుట్టు బఠానీగింజల వరుసవలె చిన్నదిగా నుండును. ముక్కు క్రింది తోలు వ్రేలాడుట అంతకన్న తక్కువ. లెగ్‌హార్ను కోళ్లకు అలవాటుపడిన కన్ను అసీలు పుంజుపిల్లను పెట్ట యని పొరబడును. అసీలును పెంచువారు కావుననే జుట్టు కన్న కాలి లావును, రొమ్ము వెడల్పును, నడకను నమ్ముదురు.

పందెములవారి శాస్త్రము వేరొక త్రోవ తొక్కినది. కల్యాణ చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున కుక్కుట వినోదమునకు ప్రత్యేకముగా చోటు దక్కినది. ఓరుగల్లు వీథులను వర్ణించు క్రీడాభిరామమునను కోడిపందెము కలదు. పలనాటి వీరుల కథలో నాయకురాలు నాగమ్మకును, బ్రహ్మనాయనికిని నడుమ జరిగిన కోడిపోరు తెలుగువారెల్లరు నెఱిగినదే. డేగ, కాకి, నెమలి మొదలగు రంగుభేదములను బట్టియు, వారనక్షత్రములను బట్టియు జయాపజయములను చెప్పు కుక్కుటశాస్త్రము నేటికిని సంక్రాంతినాడు గోదావరి జిల్లాలలో చేతులు మాఱుచునే యున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము జంతువులచే పోరాటములు చేయించుటను నేరము చేసినను ఆ శాస్త్రమునకు గిరాకి తగ్గలేదు. ఈ శ్రద్ధయంతయు ఎదిగిన పుంజు రంగుమీదను, రోషముమీదను నిలిచినదే గాని బూరు వదలని పిల్లమీద నిలిచినది కాదు.

పిల్ల మాట యటుంచి, గ్రుడ్డును చూచియే చెప్పగలమనువారు అన్ని దేశములలోను పుట్టిరి. కోసుగా నున్న గ్రుడ్డులో పుంజుండును, గుండ్రని దానిలో పెట్టయుండును అను మాట మన పల్లెలలోను వినవచ్చును. ఈ నమ్మిక మిక్కిలి ప్రాచీనము. అయితే క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దిలో యవనపండితుడగు అరిస్టాటిల్ దీనికి సరిగా వ్యతిరేకముగా చెప్పెను: పొడవై కొనదేఱినది పెట్ట, గుండ్రనిది పుంజు. క్రీస్తుశకము 1వ శతాబ్దిలో వ్యవసాయమును గూర్చి వ్రాసిన రోమకుడు కొలుమెల్లా, పుంజులు కావలసినవాడు పొడవైన గ్రుడ్లను పొదుగునకు పెట్టవలెనని బోధించెను. ఇద్దఱు పెద్దలు ఎదురెదురుగా చెప్పినను ఇద్దఱికిని శిష్యులు తగ్గకపోవుటకు కారణమొక్కటే: ఏది చెప్పినను సగము సార్లు నిజమగుచుండును. తప్పినవి మఱచి, ఒప్పినవి చెప్పుకొనుట మనుష్యస్వభావము. రోమక చక్రవర్తి టైబీరియసు తల్లి లివియా గర్భవతిగా నున్నప్పుడు తనకు మగబిడ్డ కలుగునా యని తెలిసికొనగోరి, ఒక కోడిగ్రుడ్డును తన చేతులలోను, తన పరిచారికల చేతులలోను వంతులవారీగా పొదిగించెననియు, పెద్ద జుట్టు గల పుంజుపిల్ల వెలువడెననియు సుయెటోనియసు వ్రాసెను. పుట్టిన దినముననే పెద్ద జుట్టు కనబడుట కోళ్లు పెంచినవారు నమ్మదగిన మాట కాదు. రాజుల తల్లులకు నమ్మదగినది కాబోలు.

గ్రుడ్డు ఆకారము తల్లి అండనాళమున ఏర్పడును. పిల్ల లింగము అంతకు ముందే, అండము పక్వమగునప్పుడే, నిశ్చయమై యుండును. ఈ సంగతి జన్యుశాస్త్రము 20వ శతాబ్ది మొదటి దశాబ్దములలో తేల్చినది. మనుష్యులలో బిడ్డ ఆడుదగుట, మగవాడగుట తండ్రి బీజమునుబట్టి యేర్పడును. పక్షులలో నిది తలక్రిందులు. పుంజునకు "జెడ్" అను క్రోమోజోములు రెండు. పెట్టకు ఒక "జెడ్", ఒక "డబ్ల్యూ". తల్లి జెడ్‌ను ఇచ్చిన పుంజు, డబ్ల్యూను ఇచ్చిన పెట్ట. ఆడుపిల్లలనే కన్నదని కోడలిని ఆడిపోసికొను అత్తగారు, తన పెరటిలోని కోడిపెట్ట విషయమున మాత్రము ఆ నిందను న్యాయముగా వేయవచ్చును.

పుట్టిన దినముననే లింగము తెలియవలసిన అక్కఱ పొదుగుయంత్రముతో వచ్చినది. పెట్ట లేకయే వేల గ్రుడ్లను పొదిగించు మట్టికొలుములు ఈజిప్టునను, చీనాలోను ప్రాచీనకాలము నుండియు గలవు. కాని 19వ శతాబ్ది చివర అమెరికాలో ఇంక్యుబేటర్లు వ్యాపారమునకు దిగి, 1918లో ఆ దేశపు తపాలాశాఖ ఒకనాటి పిల్లలను టపాలో చేర్చుటకు ఒప్పుకొనిన పిమ్మట కోడిపిల్ల బజారు సరకైనది. ఇంతలో కోళ్లజాతులును రెండుగా చీలినవి. గ్రుడ్లకొక జాతి, మాంసమున కొక జాతి. మాంసపు జాతిలో పుంజు, పెట్ట రెండును మేతకు తగిన బరువు నిచ్చును. గ్రుడ్ల జాతిలో పుంజు గ్రుడ్డు పెట్టదు, మాంసము పట్టదు. ఇంటి గంప క్రింద వృథా కానిది హాచరీలో వృథా యైనది. దానికి రెండు నెలలు మేత వేసి గుర్తుల కొఱకు నిరీక్షించుట నష్టము. కావున మొదటి దినముననే వేఱుచేయు ఉపాయము కావలసివచ్చినది.

ఆ ఉపాయమును జపాను కనిపెట్టినది. టోకియో సామ్రాజ్య విశ్వవిద్యాలయమున పశుశాస్త్రాచార్యుడగు కియోషీ మాసుయి, హషిమోతో, ఓనో యనువారితో కలసి, ఒకనాటి పుంజుపిల్ల అవస్కరములో, అనగా మలమూత్రములకును సంతానమునకును ఒక్కటియే యగు ద్వారమున, ఆవగింజకన్న చిన్నదగు బుడిపె యుండునని 1925లో ప్రకటించెను. 1927లో కెనడాలోని అట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభకు ఈ సంగతి చేరినది. 1930ల నుండి జపాను నిపుణులు అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపాలకు పిలువబడిరి. పిల్లను ఎడమచేత పట్టి, మలమును నొక్కివేసి, ద్వారమును వ్రేళ్లతో విప్పి, దీపకాంతిలో ఒక్క చూపు చూచి పుంజు నొక పెట్టెలోను, పెట్ట నొక పెట్టెలోను వేయుదురు. ఆరితేఱినవారు గంటకు వేయి పిల్లలను, నూటికి 98 వంతులు తప్పులేక, విడదీయగలరు.

ఇది వినుటకు సులభము. చిక్కేమనగా, బుడిపె కొన్ని పెట్టపిల్లలకును ఉండును. ఆకారములో, గట్టితనములో మాత్రము భేదము. నిపుణులను అడిగిన, తామెట్లు తెలిసికొనుచున్నారో మాటలలో చెప్పలేకపోయిరి. 1987లో బీడర్మన్, షిఫ్రార్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఒక వృద్ధ నిపుణుని సాయముతో ఆ భేదమును ఒక్క కాగితముమీద వ్రాసి, ఏమియు నెఱుగనివారికి ఇచ్చి, ఛాయాచిత్రములను చూపిరి. అంతకుముందు నూటికి 60 వంతులు మాత్రము సరిగా చెప్పినవారు కాగితము చదివిన పిమ్మట 84 వంతులు చెప్పిరి. చెప్పలేరనుకొన్న విద్య కొంతవఱకు చెప్పదగినదే యని దీనిచే తేలినది. అయితే చిత్రమును చూచుట వేఱు, ప్రాణముతో పెనగు పిల్లను పట్టుట వేఱు. అలవాటు లేని వ్రేలు గట్టిగా నొక్కిన పిల్ల పేగు దెబ్బతిని చచ్చును. ఈ పద్ధతి ఇంటివారు చేయదగినది కాదు.

ఇంటివారు చేయదగినది వేఱొకటి కలదు; అది ఇంగ్లండులో పుట్టినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున కోళ్లమేతకు కఱవు వచ్చినప్పుడు కేంబ్రిడ్జి ఆచార్యుడు రెజినాల్డ్ పన్నెట్, పుంజుపిల్లలను ముందే వేఱుచేసినచో మేత మిగులునని ఆలోచించెను. పెట్టకు గల ఒక్క జెడ్ ఆమె కొడుకులకే పోవును గాని కూతుళ్లకు పోదు. కావున తల్లి జెడ్‌మీద కంటికి కనబడు గుర్తొకటి యుండి, తండ్రి జెడ్‌లమీద అది లేకున్నచో, ఆ గుర్తు గల పిల్లలన్నియు పుంజులు, లేనివన్నియు పెట్టలు. చాఱల ప్లిమత్ రాక్ పెట్టను రోడ్ ఐలండ్ రెడ్ పుంజుతో జత చేసిన, నల్లని పిల్లలు పుట్టును. వానిలో తలమీద తెల్లని మచ్చ గలవి పుంజులు, మచ్చ లేనివి పెట్టలు. లైట్ ససెక్స్ పెట్టను అదే ఎఱ్ఱ పుంజుతో జత చేసిన, తెలుపుచాయ బూరు పుంజులకును, బంగరుచాయ బూరు పెట్టలకును వచ్చును. జత తలక్రిందైనచో, అనగా చాఱల పుంజును ఎఱ్ఱ పెట్టను జత చేసినచో, అన్నిటికిని మచ్చ వచ్చి లెక్క చెడును. పన్నెట్ అంతటితో ఆగక, మైకేల్ పీజ్‌తో కలసి, జత మార్పు లేకయే తరతరమునను పిల్లల బూరు లింగమును చెప్పునట్టి "కాంబారు" అను జాతిని 1920ల చివర సృష్టించెను.

రెక్కఈకలను చూచి చెప్పు పద్ధతియు ఈ సూత్రముమీదనే యున్నది. త్వరగా ఈక వచ్చు వంశపు పుంజును, ఆలస్యముగా ఈక వచ్చు వంశపు పెట్టను జత చేయగా పుట్టిన పిల్లల రెక్కను మొదటి రెండు మూడు దినములలో విప్పి చూచిన, పెట్టపిల్లకు పెద్ద ఈకలు పై ఈకలకన్న పొడవుగాను, పుంజుపిల్లకు రెండు వరుసలు సమానముగాను ఉండును. ఇచ్చట జాగ్రత్త అవసరము. ఈ గుర్తు అట్టి వంశములను ఎంచి జత చేసిన పిల్లలకే చెల్లును. సంతలో కొన్న నాటుపిల్ల రెక్కను విప్పి చూచిన తెలియునది దాని వంశమున ఈక త్వరగా వచ్చునా, ఆలస్యముగా వచ్చునా యన్నది మాత్రమే. దీనిని మఱచి రెక్కలు విప్పి పందెములు కాయువారు చాలమంది కలరు. వారికిని అరిస్టాటిల్ శిష్యులకువలె సగము సార్లు గెలుపు తప్పదు.

భారతదేశమున ఈ విద్యలకు అక్కఱ స్వాతంత్ర్యానంతరము పెరిగినది. 1952లో ఆరంభమైన సముదాయాభివృద్ధి పథకము నాటినుండి లెగ్‌హార్ను, రోడ్ ఐలండ్ రెడ్ పుంజులు నాటుకోళ్లను మెఱుగుపఱచుటకై గ్రామములకు పంచబడినవి. పరిశ్రమ రూపము తాల్చుటలో తెలుగువారి పాత్ర పెద్దది. బండ వాసుదేవరావు 1971లో నెలకొల్పిన వేంకటేశ్వర హాచరీస్ పూణె కేంద్రముగా మహారాష్ట్రముననే పెరిగినది. 1982లో కోళ్ల రైతుల గ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడుటకును ఆయనయే ముందు నడచెను. హైదరాబాదు సమీపమున రాజేంద్రనగరులో 1988లో ఏర్పడిన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను రంగుఈకల కోళ్లను రూపొందించినది. దేశమున గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానమున నున్నది. ఇది మనవారు గర్వింపదగిన చరిత్రయే. కాని కోట్ల గ్రుడ్లు పెట్టు పెట్టల వెనుక వానితో సమసంఖ్యగా పుట్టిన పుంజుపిల్లలు గలవు. వానిలో పెక్కింటికి మొదటి దినమే కడపటి దినము. కొన్ని మాత్రము గంపలకెక్కి ఊరూరు తిరుగును.

చంద్రపూర్ వీథులలోను, దేశమున అనేక పట్టణములలోను, జాతరలలోను గులాబి, ఆకుపచ్చ, నీలము రంగులు పూసి అమ్మబడు కోడిపిల్లలు చాలవఱకు ఇట్టివే. గ్రుడ్ల జాతి హాచరీలో వేఱుచేయబడిన పుంజులు. రంగు చూచి బిడ్డలు మారాము చేయుదురు. గ్రుడ్లు పెట్టునను ఆశతో తల్లి కొనును. ప్రతి పిల్లయు నాణెము ఎగురవేసినట్లు సమముగా పుంజో పెట్టయో కావచ్చునని ఆమె లెక్క. ఆ లెక్క నిజమైనచో పది పిల్లలలో పదియు పుంజులగుట 1024 సార్లకు ఒక్కసారి మాత్రమే జరుగవలెను. ఎనిమిది గాని అంతకు మించి గాని పుంజులగుట నూటికి ఆఱు సార్లకన్న తక్కువ. ఆమె నూకలు, తవుడు పెట్టి పెంచి, బ్రదికినవానికి నాలుగవ నెలలో గ్రుడ్లకై గంప సవరించుచుండగా అన్నియు కూయ మొదలిడును. ఇరుగుపొరుగు "నీ చేయి మంచిది కాదు" అందురు. చేయి దోషము కాదు. ఆ పిల్లలు ఆమె గంపలోనికి రాకముందే ఎవ్వరో చూచి, ఏరి, పెట్టలను తీసికొనినారు. ఇంటివారి ఓపిక, కన్ను, లెక్క ఏవియు ఇచ్చట పనిచేయవు. ఏలనన ప్రశ్నకు ముందే సమాధానమైనది. ఆ సమాధానమును అమ్మినవాడు ఆమెకు చెప్పలేదు. పాలి పంపకమునాడు ఇరువురును కూర్చుండి జుట్టు చూచి పంచుకొన్నప్పుడు ఉభయులకును తెలిసినది సమానము. రంగుపిల్లల బేరములో ఆ సమానత లేదు.

పుంజుపిల్లల హత్య ఐరోపాలో న్యాయస్థానముల వఱకు పోయినది. జర్మనీలో ఏటేట సుమారు 4.5 కోట్ల పిల్లలు ఇట్లు చంపబడుచుండగా, 2019లో అచ్చటి ఉన్నత పరిపాలనా న్యాయస్థానము వేఱు ఉపాయము దొరకువఱకే దీనిని సహింపవచ్చునని తీర్పు చెప్పెను; 2022 జనవరి 1 నుండి చట్టము దానిని నిషేధించినది. దానితో తీర్పు పుట్టిన దినము నుండి గ్రుడ్డులోనికి జరిగినది. ఒక పద్ధతిలో పొదుగు 9వ దినమున గ్రుడ్డునుండి బొట్టు ద్రవమును తీసి ఆడు హార్మోను పరీక్షింతురు. వేఱొక పద్ధతిలో 13వ దినమున పెంకుగుండ కాంతి పంపి లోపలి పిల్ల బూరు రంగును యంత్రము చూచును. ఇది గోధుమరంగు గ్రుడ్ల జాతులకే చెల్లును. ఏలనన వానిలోనే పుంజుపెట్టల బూరు రంగు వేఱు. పన్నెట్ పెరటిలో చూచిన రంగునే యంత్రము పెంకులోపల చూచుచున్నది. గ్రుడ్డును చూచి చెప్పగోరిన లివియా కోరిక రెండువేల యేండ్లకు ఈ విధముగా తీరినది.

మహారాష్ట్ర ప్రభుత్వము మాత్రము ఒక పథకమున పాత గుర్తులకే విలువ కట్టినది. మరాఠీలో గ్రుడ్లకు రాని పడుచుపెట్టను "తలంగ" యందురు. సమగ్ర కుక్కుట వికాస యోజనలో రెండు విధముల సాయము కలదు. ఒకటి 100 ఒకనాటి పిల్లలు. రెండవది "తలంగ గట్టు": ఎనిమిది పది వారములు పెరిగిన 25 పెట్టలు, 3 పుంజులు. ఆ యీడున జుట్టు తెలిసియుండును, కాలి లావు తెలిసియుండును, మెడఈక కొనదేఱుచుండును. అట్టి పక్షి ఒకనాటి పిల్లకన్న ఎంతో ప్రియము. ఆ అధిక వెలలో మేత కొంత, మందు కొంత, గ్రద్దకు పోయినవి కొన్ని. మిగిలినది పెట్ట యని తెలిసి కొనుటకైన వెల. సంతలో తెలుగు, మరాఠీ, గోండు స్త్రీలు కోడిని రెక్కలు పట్టి యెత్తి, జుట్టును వ్రేలితో త్రోసివైచి, మెడఈకను వెలుగునకు పట్టి చూచి, ఆ పిమ్మటనే బేరమాడుదురు.